బియ్యం మరకిచ్చి బజారుకెళ్లడం

పామర్రు సెంటర్లో నాలుగు రోడ్లు కలుస్తాయి. ఒకటి విజయవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడకు, ఒకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి. నాలుగు వైపుల నుంచీ బండ్లు నిమ్మళంగా వస్తున్నంతసేపు ఆ సెంటరంత సుఖమైనది లేదు. నాలుగు బస్సులు ఒకేసారి ముక్కులు దూర్చాయో, ఎవరూ ఎటూ కదలరు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నదంతా నాకు ఆ సెంటరు దగ్గరే, మా మేనల్లుడి ఫొటో స్టూడియోలో తెలిసొచ్చింది.

మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఒక పెళ్లివి 1,200 ఫొటోలు, ఎనిమిది ఫోల్డర్లలో ఉన్నాయి. అన్నిటినీ చిన్నవి చేసి, మూలన స్టూడియో పేరు వేసి, ఆల్బమ్‌కి ఏరుకోవడానికి పెళ్లివారికి పంపాలి. ఆ పనికి మావాడు ఒక బ్యాచ్ ఫైలు రాసుకున్నాడు. డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ తెరుచుకుని ఒక్కో ఫొటో పేరూ చూపిస్తూ పోతుంది. ఫొటోకి పన్నెండు సెకన్లు. లెక్కేస్తే నాలుగు గంటలు.

"మావయ్యా, తెల్లారేసరికి ఇస్తానన్నాను. ఇదేమో ఒక్కొక్కటే నములుతోంది" అన్నాడు.

"ఎనిమిది ఫోల్డర్లున్నాయి కదరా, ఎనిమిది కిటికీలు తెరిచి అన్నీ ఒకేసారి వదులు" అన్నాను. సలహా ఇవ్వడానికి నాకు పన్నెండు సెకన్లు కూడా పట్టలేదు.

వదిలాడు. రెండు నిమిషాలకు మౌసు బాణం గడ్డకట్టింది. పావుగంటకు పదకొండు ఫొటోలయ్యాయి. చివరికి బటన్ నొక్కిపట్టి కంప్యూటర్ ఆపేశాం. మళ్లీ తెరిచి చూస్తే ఏ ఫొటో పూర్తయిందో, ఏది సగంలో తెగిందో తెలియదు. ఒక్కొక్కటే చేయడం తప్పన్నాను. అన్నీ ఒకేసారి చేయించడం అంతకంటే పెద్ద తప్పయింది.

ముఠాని ఎలా దింపుతారు?

బ్యాచ్ అనే మాటకి మన డెల్టాలో ఎప్పటినుంచో పేరుంది: ముఠా. ఊడ్పుల రోజుల్లో ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని ముఠా చేలోకి దిగుతుంది. పదిమంది ఊడ్చే చేలో ఇరవైమందిని దింపితే పని సగం సమయంలో అయిపోతుందా? అవుతుంది, నారు పీకి కట్టలు అందించేవాళ్లు ఆ వేగాన్ని అందుకోగలిగితే. లేకపోతే పదిమంది ఊడుస్తారు, పదిమంది గట్టు మీద కబుర్లు చెప్పుకుంటారు. కూలి మాత్రం ఇరవైమందికీ ఇవ్వాలి. ఇక దమ్ము పూర్తికాని మడిలో వందమందిని దింపినా ఒక్క మొక్క నిలబడదు.

ఏ పనిలోనైనా ఈ మూడూ చూసుకోవాలి. ఏది ముందు అయితే గాని రెండోది మొదలు కాదు? ఏవి పక్కపక్కనే సాగిపోతాయి? అందరూ ఎదురుచూసే కట్ట ఎవరి చేతిలో ఉంది? మా స్టూడియో రాత్రి నేను మూడింటిలో ఒక్కటీ అడగలేదు.

కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని 1967లో జీన్ ఆమ్‌డాల్ లెక్కగా చెప్పాడు. వంద నిమిషాల పనిలో ఇరవై నిమిషాలు వరసగానే జరగాలనుకోండి. మిగతా ఎనభై నిమిషాల పనిని నలుగురు పంచుకుంటే ఇరవై నిమిషాలు. మొత్తం నలభై. ఎనిమిదిమంది పంచుకుంటే మొత్తం ముప్పై. వెయ్యిమందిని పెట్టినా ఇరవై నిమిషాల కిందికి దిగదు. కాబట్టి మనుషుల్ని పెంచేముందు ఆ ఇరవై నిమిషాల్ని తగ్గించగలమా అని చూడాలి. నారు పీకడం ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టే రైతు చేసేది అదే.

పని పురమాయించే మూడు పద్ధతులు

1981లో వచ్చిన ఎంఎస్-డాస్ ఒకసారి ఒక్క ప్రోగ్రామునే నడిపేది. బ్యాచ్ ఫైలు అప్పటిదే. అందుకే దాని స్వభావంలోనే వరస ఉంది: పై లైను అయితేనే కింది లైను. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ నాటికి కమాండ్ కిటికీ వెనక ఒకేసారి ఎన్నో పనులు నడపగల వ్యవస్థ చేరింది. కాని బ్యాచ్ ఫైలు పాత అలవాటు వదల్లేదు. పక్కపక్కన నడపాలంటే మనమే నోరు తెరిచి చెప్పాలి. చెప్పే పద్ధతులు మూడు. ఈ ఆజ్ఞల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిషు అక్షరాలతోనే కొట్టండి.

మొదటిది: ఒక బ్యాచ్ ఫైలులో రెండో బ్యాచ్ ఫైలు పేరు ఊరికే రాయడం. ఇది మనిషిని పంపుతూ తిరిగి రమ్మని చెప్పకపోవడం. వెళ్లినవాడు అటే పోతాడు. రెండో ఫైలు అయిపోగానే అంతా ఆగిపోతుంది, మొదటి ఫైలులో మిగిలిన లైన్లు ఎప్పటికీ నడవవు. కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే.

రెండోది: పేరు ముందు కాల్ అని రాయడం. ఇది బ్యాంకులో క్యూ. పని అయ్యేదాకా అక్కడే నిలబడి, అయ్యాక ఇంటికొచ్చి తర్వాతి పని చూసుకుంటాం. వరస తప్పకూడని పనులకు ఇదే సరైనది.

మూడోది: పేరు ముందు స్టార్ట్ అని రాయడం. ఇది బియ్యం మరకిచ్చి బజారుకెళ్లడం. మర దగ్గర డబ్బా పెట్టి, పేరు చెప్పి, కూరగాయలు తెచ్చుకుంటాం. మర తిరుగుతూనే ఉంటుంది, మన పనీ అవుతూనే ఉంటుంది. అయితే డబ్బా మీద పేరు ఉండాలి, తిరిగొచ్చి పిండి తీసుకోవడం మరిచిపోకూడదు.

డబ్బా మీద పేరు అన్నది మాట వరసకు కాదు. స్టార్ట్ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య మొదట కనబడిన దాన్ని విండోస్ కిటికీ పేరుగా తీసుకుంటుంది. ఫైలు దారిలో ఖాళీ ఉందని దాన్ని కొటేషన్లలో పెట్టి వదిలేస్తే, ఫైలు నడవదు. ఆ పేరుతో ఖాళీ కిటికీ ఒకటి తెరుచుకుని మీ ముఖం చూస్తుంది. అందుకే ముందు ఒక పేరు ఇచ్చి, తర్వాత పని చెప్పాలి:

స్టార్ట్ "ముహూర్తం" /మిన్ సీఎండీ /సి వరస1.బ్యాట్

ఇందులో /మిన్ కిటికీని కిందికి దించి ఉంచుతుంది. సీఎండీ /సి పని అయ్యాక కిటికీని మూసేస్తుంది. అది లేకుండా బ్యాచ్ ఫైలును స్టార్ట్ చేస్తే, పని అయిపోయాక కూడా కిటికీ తెరిచే ఉంటుంది. అయిందో లేదో తెలియక మీరు చూస్తూ కూర్చుంటారు. అదే కంప్యూటర్ మీద మీరు వేరే పని చేసుకోవాలంటే /లో అని కూడా చేర్చండి. మీ పనికి ముందు వంతు, బ్యాచ్ పనికి తర్వాతి వంతు దక్కుతాయి.

వంతు నీళ్లు

మరి ఆ రాత్రి కంప్యూటర్ ఎందుకు గడ్డకట్టింది?

మన చేలకు నీళ్లు 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజి నుంచి కాలవల్లో వస్తాయి. నీరు తక్కువైన ఏడాది వంతులు పెడతారు. ఎగువన అందరూ ఒకేసారి తూములెత్తేస్తే కాలవలో మట్టం పడిపోతుంది, శివారు చేలకు చుక్క అందదు. దగ్గరివాళ్లకూ సరిగ్గా పారదు. అందుకే కాలవ మీద లస్కరు ఉంటాడు. ఆయన కొత్తగా ఒక్క చుక్క నీటిని కూడా సృష్టించడు. ఎవరి తూము ఎప్పుడు ఎత్తాలో చూస్తాడంతే. పంట పండేది ఆ చూడడం వల్లే.

కంప్యూటర్లో కాలవలు మూడు. ప్రాసెసర్ ఒకటి, మెమరీ ఒకటి, డిస్కు ఒకటి. మా మేనల్లుడి కంప్యూటర్లో ప్రాసెసర్లు నాలుగే, మేం దింపింది ఎనిమిదిమందిని. 24 మెగాపిక్సెల్ ఫొటో డిస్కు మీద పది ఎంబీ లోపే ఉండొచ్చు. మెమరీలో విప్పితే పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున లెక్కేసినా 72 ఎంబీ. దాని మీద పని చేయడానికి ఇంకా కావాలి. ఎనిమిది కలిసేసరికి మెమరీ నిండింది. పట్టనిదాన్ని విండోస్ డిస్కు మీదకు దించడం మొదలెట్టింది. ఆ డిస్కేమో పాత తిరిగే రకం. ఒకే ముల్లు ఎనిమిది చోట్లకు పరుగెత్తుతూ, చదవడం కంటే పరుగుకే ఎక్కువ సమయం ఖర్చుపెట్టింది. పామర్రు సెంటర్లో నాలుగు బస్సుల కథ అది.

కాబట్టి ఎంతమందిని దింపాలో ముందే చూసుకోండి. కమాండ్ కిటికీలో నంబర్_ఆఫ్_ప్రాసెసర్స్ అనే పేరును రెండు శాతం గుర్తుల మధ్య పెట్టి ఎకో చేయిస్తే మీ యంత్రంలోని ప్రాసెసర్ల సంఖ్య చెబుతుంది. అసలు కోర్లు నాలుగే ఉన్నా, ఒక్కో కోరు రెండుగా కనబడే రకమైతే ఎనిమిదని చెప్పొచ్చు. ఆ సంఖ్యలో ఒకటి తగ్గించి మొదలుపెట్టండి. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి, ఒక్క పనిని మాత్రమే నడిపి చూడండి.

• ప్రాసెసర్ 25 శాతం దగ్గరుంటే, నాలుగింట్లో ఒక్కటే పనిచేస్తోందని అర్థం. ఇంకొందరిని దింపొచ్చు.

• ఒక్క పనికే 90 శాతం దాటితే, ఆ ప్రోగ్రామే లోపల పనిని పంచుకుంటోంది. ఇంకో నలుగురిని పెట్టినా లాభం ఉండదు. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటివి చాలాసార్లు ఇలాగే ఉంటాయి.

• ప్రాసెసర్ ఖాళీగా ఉండి డిస్కు వంద శాతం చూపిస్తే, కాలవ నిండిపోయింది. మనుషుల్ని తగ్గించండి.

రెండో రకంలో ఒక చిక్కుంది. పాత తెలుగు పుస్తకాల స్కాన్లను అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ వాడేవాళ్లకు ఇది పనికొస్తుంది. నాలుగో వెర్షన్ నుంచి అది ఒక్కో పేజీకి తనే నాలుగు పాయల (థ్రెడ్ల) దాకా తీస్తుంది. మీరు నాలుగు కిటికీలు తెరిస్తే పదహారు పాయలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ముందుగా ఓఎంపీ_థ్రెడ్_లిమిట్ అనేదాన్ని ఒకటికి సెట్ చేసి, అప్పుడు నాలుగు కిటికీలు నడపండి. గుత్తకిచ్చిన మేస్త్రి తన కింద ఇంకో ముఠాని పెట్టుకున్నాడేమో కనుక్కోకుండా మీరు మరో ముఠాని పిలవకూడదు.

ఫైళ్లు కాపీ చేయడమే పనైతే బ్యాచ్ ఫైలుతో తంటాలే అక్కర్లేదు. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీకి /ఎంటీ అని చెబితే ఎనిమిది పాయలతో కాపీ చేస్తుంది, సంఖ్య ఇస్తే 128 దాకా పెంచుకోవచ్చు. పాత తిరిగే డిస్కుకి మాత్రం రెండుతో మొదలెట్టండి.

లోపల కాల్, బయట స్టార్ట్

ఇప్పుడు మర్నాడు మేం చేసింది చెబుతాను. నాలుగు ప్రాసెసర్లు, అందులో ఒకటి విండోస్‌కి వదిలేశాం. మిగిలినవి మూడు కాబట్టి మూడు వరసలు. ముహూర్తం ఫోల్డర్లో 400 ఫొటోలున్నాయి, అది ఒక్కటే ఒక వరస. మిగతా ఏడు ఫోల్డర్లలో ఉన్న 800 ఫొటోలను రెండు వరసలకు సమానంగా పంచాం. ఒక్కో వరసకి ఒక బ్యాచ్ ఫైలు. దాని లోపల ఫోల్డర్లన్నీ కాల్‌తో ఒకదాని తర్వాత ఒకటి. వాటి పైన పెద్ద బ్యాచ్ ఫైలు ఒకటి, అందులో మూడు స్టార్ట్ లైన్లు. అంతే. లోపల వరస, బయట పక్కపక్కన.

సమానంగా పంచడంలో కిటుకుంది. పెద్ద ఫోల్డర్‌ను చివరికి వదిలితే, రెండు వరసలు ముందే అయిపోయి మూడోదాని కోసం కాచుకుంటాయి. పెద్ద మడి ముందు, చిన్న మూలలు తర్వాత.

ఆ తర్వాత నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. రెండు పనులు పక్కపక్కన నడిచే చోటల్లా ఇవి పనికొస్తాయి.

1. ఎవరి చిట్టా వారిదే. మూడు వరసలూ ఒకే చిట్టా ఫైలులో రాయాలని చూస్తే, ఒకరు తెరిచి ఉండగా రెండోవారికి తలుపు తెరుచుకోదు. ఫైలు వేరొకరి వాడకంలో ఉందన్న సందేశం వస్తుంది, ఆ లైను పోతుంది. ఒక్కో వరసకి ఒక్కో చిట్టా పెట్టండి, చివర్లో కలుపుకోవచ్చు.

2. సగం పనికి పూర్తి పేరు పెట్టొద్దు. ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకి మార్చండి. కరెంటు పోయి మళ్లీ మొదలెట్టినప్పుడు, అసలు పేరుతో ఫైలు ఉంటే దాటెయ్యమని ఒక్క ఇఫ్ ఎగ్జిస్ట్ లైను రాస్తే చాలు. మొదటి రాత్రి మాకు లేనిది ఈ ఒక్క లైనే.

3. అయిందని చెప్పాలి, కాలేదనీ చెప్పాలి. ప్రతి వరసా ముగిశాక ఒక చిన్న గుర్తు ఫైలు వదలాలి. పెద్ద బ్యాచ్ ఫైలు టైమౌట్‌తో పది సెకన్లకోసారి లేచి, మూడు గుర్తులూ వచ్చాయా అని చూసి, వచ్చాకే తర్వాతి పనికి వెళ్లాలి. ఇక్కడ చాలామంది అయినప్పుడు మాత్రమే గుర్తు వదులుతారు. ఒక వరస మధ్యలో చెడితే గుర్తు రాదు, పెద్ద ఫైలు తెల్లవార్లూ ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకే ఎర్రర్‌లెవెల్ చూసి, అయితే "అయింది", కాకపోతే "కాలేదు". ఏదో ఒకటి తప్పకుండా చెప్పాలి.

4. చివర్లో లెక్క చూడాలి. లోపలికెన్ని, బయటికెన్ని. మిల్లుకి బస్తాలు తోలిన రైతు చీటీ చూసుకోకుండా ఇంటికి రాడు.

కొత్త యంత్రాలున్నవాళ్లకు ఇంతకంటే సులువైన దారులున్నాయి. 2020లో వచ్చిన పవర్‌షెల్ 7లో ఫర్‌ఈచ్-ఆబ్జెక్ట్‌కి పారలల్ అని చేర్చితే ఒకేసారి ఐదు పనులు నడిపి, ఒకటి అవగానే ఇంకోటి తనే అందుకుంటుంది. లినక్స్ వాళ్లకు ఎక్స్ఆర్గ్స్ ఉంది, పి అక్షరంతో ఎంతమందో చెబితే చాలు. పనిముట్టు మారినా లస్కరు అడిగే ప్రశ్నలు మారవు.

మీ రోజుకి లస్కరు ఎవరు?

ఇది కంప్యూటర్ పుస్తకం కాదు కదా అనుకుంటున్నారేమో. మన రోజు ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. మన ధ్యాస ఒక్కటే ప్రాసెసర్. ఫోన్లో మాట్లాడుతూ లెక్కలు రాస్తే రెండూ చేస్తున్నామనుకుంటాం. నిజానికి ఆ పాత డిస్కు ముల్లులాగా ఇక్కడికీ అక్కడికీ పరుగెత్తుతుంటాం. అలసట పని వల్ల వచ్చింది కాదు, పరుగు వల్ల వచ్చింది.

కాని మన పనులన్నిటికీ మన ధ్యాస అక్కర్లేదు. పప్పు నానడానికి మనం కూర్చోనక్కర్లేదు. దరఖాస్తు ఇచ్చాక ఆఫీసులో అది కదలడానికి మనం వరండాలో నిలబడనక్కర్లేదు. ఇవన్నీ మరకిచ్చే పనులు. తొమ్మిది గంటలకు దరఖాస్తు ఇచ్చి లెక్కలకు కూర్చునేవాడికీ, పదకొండింటిదాకా లెక్కలు చూసి అప్పుడు దరఖాస్తుకు బయల్దేరేవాడికీ తెలివిలో తేడా ఏమీ లేదు. స్టార్ట్ ముందు పెట్టాలా, కాల్ ముందు పెట్టాలా అన్నదే తేడా. మరకివ్వాల్సినవి పొద్దున్నే ఇచ్చేసి, మనం కూర్చోవాల్సిన పనికి తర్వాత కూర్చోవాలి.

అలాగని అన్నిటినీ పక్కపక్కన పెట్టలేం. పెడనలో కలంకారీ అద్దకం చూడండి. కరక్కాయ పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీదే అచ్చు పడుతుంది. ఆ మెట్టు దాటేసి ఎంతమంది అద్దినా రంగు నిలవదు. కాని ఒక గుడ్డ ఆరుతుండగా పక్క బల్ల మీద ఇంకో గుడ్డకు అచ్చు వేస్తూనే ఉంటారు. ఒక్కో గుడ్డకీ వరస తప్పదు, బల్లలన్నీ పక్కపక్కన నడుస్తాయి. లోపల కాల్, బయట స్టార్ట్.

ఈ వారం చేయండి

1. రేపటి పనులు ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన "నేను ఉండాలి" లేదా "మరకివ్వొచ్చు" అని గుర్తు పెట్టండి.

2. మరకిచ్చేవాటిని ఉదయం మొదటి గంటలోనే ఇచ్చేయండి. ఒక్కోదాని పక్కన ఎప్పుడు వెళ్లి తెచ్చుకోవాలో రాయండి.

3. ఒకేసారి మూడుకు మించి తెరిచి ఉంచొద్దు. నాలుగోది మొదలెట్టాలంటే మూడింట్లో ఒకటి ముగిసి ఉండాలి.

4. రాత్రి లెక్క చూడండి. ఎన్ని ఇచ్చాను, ఎన్ని తిరిగొచ్చాయి. రానివాటి పేర్లు రాసి పెట్టుకోండి.

మర్నాడు సాయంత్రం మూడు వరసలు వదిలి, షట్టరు సగం దించి, మేనల్లుడూ నేనూ భోజనానికి వెళ్లాం. కిటికీల ముందు కాపలా కూర్చోలేదు. తిరిగొచ్చేసరికి గంటా ముప్పావు అయింది. లోపలికి 1,200, బయటికి 1,199. మూడో వరసలో "కాలేదు" అని ఒక గుర్తు, పక్కనే ఫొటో పేరు. తెరిచి చూస్తే కెమెరా కార్డులోనే దెబ్బతిన్న ఫొటో అది. మావాడు రెండో కెమెరా కార్డులో అదే క్షణంలో తీసిన ఫొటో వెతికి, పేరు మార్చి, ఆ ఒక్కదాన్నీ మళ్లీ నడిపాడు.

పన్నెండు సెకన్లు పట్టింది.